శుక్రవారం దుమ్ము

కొండమ్మ నోరు మంచిదని నాగాయలంక చుట్టుపక్కల ఎవరూ అనరు. మనసు మంచిదని మాత్రం అందరూ అంటారు, అదీ ఆవిడకి వినపడేంత దూరంలో ఉంటేనే. ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని ఆవిడ కేక వేసిందంటే రెండు వీధుల అవతల పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చోవాల్సిందే. అలాంటి కొండమ్మ ఆ శుక్రవారం పొద్దున తన గడప మీద నిలబడి, బందరు నుంచి వచ్చిన ఓ చదువుకున్న పిల్లతో బేరమాడుతోంది. బేరం చేపల గురించి కాదు, దుమ్ము గురించి.

“లడ్డూ తెచ్చావు, సంతోషం. కూర్చో, మజ్జిగ తాగు, మజ్జాన్నం అన్నం తిని వెళ్ళు. దుమ్ము మాత్రం ఇవ్వను.”

“చిటికెడు దుమ్మండీ మామ్మగారూ. ప్రియాంక పడుకునే మంచం కింద కాస్త, వంటింట్లో కాస్త, కిటికీ దగ్గర కాస్త.”

“చిటికెడైనా గంపెడైనా శుక్రవారం శుక్రవారమేనమ్మా. పొద్దున ఊడ్చిన చెత్త కూడా ఇవ్వాళ మూలనే పెట్టుకుంటా. శుక్రవారం పూట ఉప్పివ్వం, పప్పివ్వం, చేబదులివ్వం. ఇచ్చామా, లక్ష్మి కూడా వెనకాలే వెళ్ళిపోద్ది. ఆ మాత్రం తెలీదా?”

ఆ పిల్ల పేరు ప్రేమ. నిజంగానే తెలీదు. వాళ్ళ నాన్న జకరయ్య గారు బందరులో పాస్టరు. గుడ్ ఫ్రైడే తప్పిస్తే శుక్రవారానికి వాళ్ళింట్లో ప్రత్యేకమైన మర్యాదేమీ లేదు.

అసలు ఈ దుమ్ము గొడవ ఎందుకొచ్చిందంటే, ప్రియాంక వల్ల. ప్రియాంక కొండమ్మ మనవరాలు. కొడుకు నాగేంద్రబాబు, కోడలు లక్ష్మీదుర్గ కృత్తివెన్నులో రొయ్యల చెరువుల మీద ఉంటారు. చెరువు గట్టు మీది తేమ పడక పిల్ల చిన్నప్పటి నుంచీ కొండమ్మ దగ్గరే పెరిగింది. ఇప్పుడు అవనిగడ్డలో డిగ్రీ చదువుతోంది. పుట్టుకతో వచ్చిన జబ్బు దానిది, సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటారు. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా చిక్కబడిపోతుంది, ఒంట్లో ఉప్పు చెమటతో పాటు బయటికి పోతుంది. అందుకే ఉప్పు దండిగా తినమని డాక్టరే చెప్పాడు. ఎండుచేపలు అమ్ముకునే ఇంట్లో ఆ ఒక్క మందుకీ కొదవ లేదు.

ఆ ఉప్పు సంగతి మొట్టమొదట కనిపెట్టింది మాత్రం డాక్టరు కాదు, ఎదురింటి పున్నమ్మ. ప్రియాంక నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకుని, బుగ్గ మీద ముద్దు పెట్టి, “ఏంటి వదినా, పిల్ల ఎండు నెత్తళ్ళలా ఇంత ఉప్పగా ఉంది?” అంది. అంతే! “నా బంగారుతల్లిని ఎండుచేపంటావా?” అని కొండమ్మ లేచింది. వీధంతా తమాషా చూసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత పెద్దాసుపత్రిలో పిల్ల చెమట పరీక్ష చేసి, ఉప్పు ఎక్కువగా ఉంది, అదే ఈ జబ్బు గుర్తు అన్నారు. అప్పుడైనా కోపం తగ్గాలా? తగ్గలేదు, రెట్టింపైంది. అబద్ధం చెప్పినవాళ్ళని క్షమించొచ్చు గానీ, నిజం చెప్పి గెలిచినవాళ్ళని ఎలా క్షమిస్తాం చెప్పండి!

కొంతకాలంగా ప్రియాంక కఫంలో ఒక బూజు కనిపిస్తోంది. గుడివాడ డాక్టరు జయకృష్ణ గారు మందిస్తే పోతుంది, మళ్ళీ కొన్నాళ్ళకి ఠంచనుగా హాజరు. అది లోపలే నక్కి మళ్ళీ లేస్తోందా, బయట నుంచి కొత్తగా వస్తోందా? అది తేల్చే పని ప్రేమది. బందరు ల్యాబులో ఆ పిల్ల చేసే పరిశోధనే బూజుల మీద.

“బూజులన్నీ చూడ్డానికి ఒకటేనండీ,” అని ప్రేమ మజ్జిగ తాగుతూ చెప్పింది. “కానీ వాటి జీన్స్ చూస్తే తేడా తెలిసిపోద్ది. మనకి ఇంటిపేర్లు ఉన్నట్టు అనుకోండి. ప్రియాంక కఫంలో ఉన్న బూజు ఇంటిపేరు కనిపెట్టాను. మొదటిసారి వచ్చిందీ, మందు తర్వాత వచ్చిందీ కూడా ఒకటే. ఇప్పుడు మీ ఇంటి దుమ్ములో బూజుదీ చూస్తాను.”

“చూసి?”

“రెండూ ఒకటైతే అది మీ ఇంటి నుంచే వస్తోందని. అప్పుడు ప్రియాంక ఇక్కడ ఉండకూడదు అంటున్నారు డాక్టరు గారు. గుడివాడలో వాళ్ళ పిన్నిగారింటికి, మూడో అంతస్తుకి, మార్చేయాలంటున్నారు.”

ఆ మాట కొండమ్మ గొంతులో చేపముల్లులా దిగింది. పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. తెల్లారగట్ల నెబ్యులైజరు బుర్రుమనకపోతే ఆవిడకి మెలకువ కూడా రాదు. పిల్ల వీపు మీద దోసిలితో తట్టి కఫం వదిలించకపోతే ఆ చేతులకి ఇంకేం పని ఉంది?

ప్రేమకి ఇంకా కోడూరు వెళ్ళే పని ఉంది. తెల్లారేసరికి దుమ్ము ల్యాబులో ఉండాలి. “పోనీ మీరే తీసి ఉంచండి మామ్మగారూ, మీ ఇంటి ఆచారం ఎలాగో అలాగే చేయండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను,” అని దూది చుట్టిన పుల్లలున్న గొట్టాలు మూడు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పాపం, పాస్టరు గారి అమ్మాయి. మనుషుల్ని నమ్మేసింది.

కొండమ్మ ఆ గొట్టాలకేసి చూసింది. వాటి మీద అచ్చంగా తన పేరు రాసి ఉంది. తన ఇంటి దుమ్ము ఇస్తే లక్ష్మి పోతుంది, బూజు కలిస్తే పిల్ల పోతుంది. ఇవ్వకపోతే డాక్టరు కోప్పడతాడు. ఏం చెయ్యాలిరా భగవంతుడా అని తలెత్తేసరికి, ఎదురుగా పున్నమ్మ ఇల్లు కనిపించింది. తాళం వేసుకుని పున్నమ్మ పొద్దున్నే రేపల్లె పెళ్ళికి వెళ్ళింది. తాళం వీధి తలుపుకే. వెనక పంచకి తలుపే లేదు.

దుమ్ము దుమ్మే కదా! పోతే పున్నమ్మ లక్ష్మి పోతుంది, తనది ఇంట్లోనే ఉంటుంది. వీధి అవతలి దుమ్ములో బూజుకీ తన పిల్లకీ సంబంధం ఏముంటుంది? కలవదు. పిల్ల ఎక్కడికీ వెళ్ళదు. ఇంత తెలివి తనకి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందా అని కొండమ్మకి తన మీద తనకే ముచ్చటేసింది.

గొట్టాలు రొంటిన దోపుకుని మునగచెట్టు పక్క నుంచి దూరింది. పున్నమ్మ కుక్క ఒక కన్ను తెరిచి, వచ్చినావిడ ఎవరో గుర్తుపట్టి, మళ్ళీ మూసేసుకుంది. పంచలో ఒక పుల్ల మంచం కింద రుద్దింది, ఇంకోటి పొయ్యి పక్క గూట్లో. కిటికీ దగ్గర పెద్ద పాత కూలరు ఉంది. దాని పక్కల గడ్డి ఎన్నేళ్ళకి మార్చలేదో, నల్లగా మురిగి, కుళ్ళిన వాసన కొడుతోంది. “ఛీ, ఇదీ ఒక సంసారమేనా!” అనుకుంటూ కొండమ్మ మూడో పుల్ల ఆ గడ్డిలో పరమానందంగా తిప్పింది. మంచం మీద ఆకుపచ్చ జుట్టు రబ్బరొకటి కనిపించింది. అచ్చం ప్రియాంక పెట్టుకునేలాంటిది. “మా పిల్లని చూసి ఇదీ కొనుక్కుంది, ముసలి సోకులు!” అని మూతి తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సాయంత్రం గొట్టాలు అందుకుంటూ ప్రేమ ఎన్నిసార్లు థాంక్స్ చెప్పిందో! కొండమ్మ ఒక్క థాంక్స్ కూడా కాదనలేదు.

కొన్ని వారాలు గడిచాక, ఒక గురువారం నాడు గుడివాడ రమ్మని కబురొచ్చింది. కొండమ్మ ప్రియాంకని తీసుకుని చల్లపల్లి, పామర్రు మీదుగా బస్సు మారి వెళ్ళేసరికి డాక్టరు గారి గదిలో ప్రేమ నిలబడలేక నిలబడి ఉంది. కొత్త పట్టీలు పెట్టుకున్న చిన్నపిల్లలా కాళ్ళు ఒకచోట ఆగడం లేదు.

“దొరికిందండీ మామ్మగారూ! మూడో గొట్టంలో బూజు, ప్రియాంక బూజు, అచ్చంగా ఒకటే! ఎక్కడా ఒక్క తేడా లేదు. ఇలా కలవడం చాలా అరుదు సార్, చాలా చాలా అరుదు!”

అప్పుడు ప్రియాంక మొహం చూసి ఆ పిల్ల టక్కున ఆగిపోయింది. జయకృష్ణ గారు కళ్ళజోడు తీసి నెమ్మదిగా చెప్పారు. “ఏం చేస్తాం పెద్దమ్మా, ఆ ఇంట్లో ఉన్నంతకాలం మందులు దండగ. ఈ ఆదివారమే పిన్నిగారింటికి మార్చేయండి.”

ప్రియాంక ఏడ్చేసింది. ఏడిస్తే దగ్గు, దగ్గితే ఇంకా ఏడుపు. కొండమ్మ చెయ్యి దానంతటదే పిల్ల వీపు మీదికి వెళ్ళి తట్టడం మొదలుపెట్టింది. బుర్ర మాత్రం పున్నమ్మ పంచలో తిరుగుతోంది. మూడో గొట్టమంటే కూలరు గడ్డి. ఎదురింటి కూలరు బూజు తన పిల్ల ఊపిరితిత్తుల్లోకి ఎలా వచ్చింది? ముందు చేతబడి అనుకుంది. పున్నమ్మకి అంత ఓపిక లేదని వెంటనే గుర్తొచ్చింది.

ఇప్పుడు నోరు విప్పితే దొంగతనం బయటపడుతుంది. డాక్టరు ముందు, పాస్టరు గారి అమ్మాయి ముందు పరువు గంగలో కలుస్తుంది. నోరు మూసుకుంటే ఆదివారం పిల్ల వెళ్ళిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక కొండమ్మ నోరు మూసుకున్నది లేదు. ఈ ఒక్కసారీ మూసుకుందామని చూసింది, వల్లకాలేదు.

“ఆ దుమ్ము మాది కాదండీ!”

జయకృష్ణ గారు తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

“మరెవరిదండీ?” అంది ప్రేమ.

“ఎదురింటి పున్నమ్మది. శుక్రవారం కదండీ మరి!”

ప్రేమ కుర్చీలో కూలబడిపోయింది. “శుక్రవారమని ఎదురింటి దుమ్ము ఇస్తారా మామ్మగారూ? తప్పు నాదే సార్, నేనే దగ్గరుండి తియ్యాల్సింది. నా పనంతా పోయింది, మొత్తం పోయింది,” అని తల పట్టుకుంది. జయకృష్ణ గారు ఏదో గట్టిగా అనబోయి, మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు తాగబోతే పొలమారింది.

ఉన్నట్టుండి ప్రేమ తలెత్తింది. “ఆగండాగండి. దుమ్ము ఎవరిదైతేనేం, బూజు కలిసిందిగా! ఆ బూజు ప్రియాంకలో ఎలా ఉంది?”

ముగ్గురూ ప్రియాంక కేసి తిరిగారు. ప్రియాంక ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. జడ చివర వేలికి చుట్టుకుని నేల చూస్తోంది. జడకి ఆకుపచ్చ రబ్బరు ఉంది. కొండమ్మ ఆ రబ్బరు చూసింది. అప్పుడు వెలిగింది.

“ఓసి నీ దుంపతెగ! ఆ మంచం మీద ఉన్నది నీదేనా?”

“నువ్వు గంప పట్టుకుని వెళ్ళాక, కాలేజీ నుంచి వచ్చి, మజ్జాన్నాలు... రోజూ కాదు మామ్మా. దాదాపు రోజూ.”

“అక్కడేం పనే నీకు?”

“వీడియోలు తీస్తాం. పున్నమ్మ మామ్మ వండుద్ది, నేను ఫోను పట్టుకుంటా. చాలా వేడిగా ఉంటదని కూలరు నా వైపే తిప్పి పెట్టుద్ది.”

కొండమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆవిడ జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

తిరుగు బస్సులో పామర్రు దాటేదాకా మొహం కిటికీ వైపే పెట్టుకుంది. దాటాక, “ఏదీ, చూపించు ఆ వీడియోల భాగోతం,” అంది. ప్రియాంక భయం భయంగా ఫోను ఇచ్చింది. ‘పున్నమ్మ చట్టి’ అని ఛానెల్ పేరు, కింద పున్నమ్మ మొహం. పులుసులో చింతపండు పిసుకుతూ తెగ నవ్వుతోంది. ఫోను వెనక నుంచి ప్రియాంక నవ్వు కూడా వినిపిస్తోంది, దగ్గు కలవకుండా, గలగలమని. ఇంట్లో పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళైందో కొండమ్మకి గుర్తు రాలేదు. చివర్లో పున్నమ్మ గరిటె ఎత్తి పట్టుకుని, “ఈ బొమ్మిడాయిల పులుసు నాకు నేర్పింది మా కొండమ్మొదినండీ. నేనెంత చేసినా ఆవిడ చేతి రుచి మాత్రం రాదండీ,” అంది.

“ఇంకోటి పెట్టు,” అంది కొండమ్మ.

ఇంకోటి పెట్టింది. చింతచిగురు, ఎండురొయ్యలు. దాని చివర కూడా కొండమ్మొదినే. ఆ పైదాంట్లోనూ. వెనక సీటువాళ్ళు ముందుకి వంగారు. కండక్టరు టిక్కెట్లు మానేసి వచ్చి నిలబడ్డాడు. “ఆ కొండమ్మొదినెవరో గానీ గొప్పదేనండోయ్!” అన్నాడు. “నేనే,” అంది కొండమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “చూస్తావేం, వెళ్ళి టిక్కెట్లు కొట్టు!”

కరిగిపోయిందనుకుంటున్నారేమో. అదేం లేదు. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పున్నమ్మ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

“ఏమే పున్నమ్మా! నీ కూలరు నా పిల్ల ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిందే!”

ఇన్నేళ్ళ తర్వాత పలికిన మొదటి మాట అది. పున్నమ్మ చేతిలో చేట జారిపోయింది. ప్రియాంకే అడ్డుపడి, దుమ్ము దగ్గర మొదలుపెట్టి బూజుల ఇంటిపేర్ల దాకా అంతా చెప్పింది. శుక్రవారం మాట రాగానే పున్నమ్మ ఎగిరి పడింది. “శుక్రవారం పూట నా ఇంటి దుమ్ము ఎత్తుకుపోయావా? అందుకేనే ఆ వారమంతా నా చేతిలో ఒక్క రూపాయి నిలవలేదు! నీ...” అని తిట్టు సగంలో ఉండగా మిగతా సంగతి బుర్రకెక్కింది. “అంటే... పిల్లకి చల్లగా ఉంటదని నేను పెట్టిన గాలే...” అని ఆగిపోయింది. గడప మీద కూర్చుని గుండెలు బాదుకుంది. “నా చేతులు పడిపోను! నేనేగా దాని వైపు తిప్పింది!”

కొండమ్మ ఇందుకు సిద్ధపడి రాలేదు. తిట్టుకి తిట్టు తెచ్చుకుంది గానీ ఏడుపుకి ఏమీ తెచ్చుకోలేదు. కింద పడ్డ చేట తీసి గోడకి ఆనించి, “చాల్లే లేవే. ఏడిస్తే బూజు పోద్దా? ఆ కూలరు సంగతి చూద్దాం పద,” అంది.

ప్రియాంకని వీధి చివరికి తరిమేశారు. ముసలాళ్ళిద్దరూ మూతులకి తువ్వాళ్ళు బిగించి, బందిపోట్లలా తయారై, గడ్డి మీద బకెట్లకి బకెట్లు బ్లీచింగు నీళ్ళు కుమ్మరించారు. “నువ్వటు పట్టు.” “నువ్వే పట్టు, నువ్వే దొంగవి.” “దొంగనా? వెనక పంచకి తలుపు పెట్టించుకోలేని దానివి!” ఆ తిట్లన్నీ తువ్వాళ్ళలోంచి సగం సగమే వినిపిస్తుంటే వీధి చివర ప్రియాంక నవ్వలేక చచ్చింది. కూలరు ఆ సాయంత్రమే పాత ఇనపసామాన్ల బండి ఎక్కింది.

కానీ ఇంకా ఒకటి మిగిలింది. కొండమ్మ ఇంటి దుమ్ము ఇంకా ఎవరూ చూడలేదు. అది తేలేదాకా ఆదివారం ప్రయాణం ఆపమన్నారు డాక్టరు గారు. అందులోనూ అదే బూజు ఉంటే గుడివాడ తప్పదు. ప్రేమ ఫోను చేసింది. “రేపు శుక్రవారం కదా మామ్మగారూ. ఎల్లుండి వస్తానండీ.”

“ఎల్లుండిదాకా నేను బతకొద్దా? రేపే రా.”

మర్నాడు పొద్దున్నే ప్రేమ వచ్చింది. ఈసారి కొండమ్మ గడప మీద నిలబడలేదు, పక్కకి జరిగింది. మంచం కింద, వంటింట్లో, కిటికీ దగ్గర, ప్రేమ వద్దంటున్నా గంపల వెనక కూడా తనే వేలు పెట్టి చూపించి తీయించింది. ప్రేమకే మనసొప్పలేదు. “పర్వాలేదాండీ? లక్ష్మి...”

“తీసుకెళ్ళమ్మా, మొత్తం తీసుకెళ్ళు.” కొండమ్మ మంచం మీద నెబ్యులైజరు పెట్టుకుని కూర్చున్న ప్రియాంకని చూపించింది. “నా లక్ష్మి అదిగో. అది కదలకుండా చూడు, చాలు.”

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. ఉప్పనుకుని నెత్తళ్ళ మీద సున్నం జల్లింది. గంపెత్తుకుని బయల్దేరి, చేపలు గంపలో వేయలేదని సగం దారిలో తెలుసుకుంది. పున్నమ్మ రోజూ వచ్చి పక్కన కూర్చునేది. ఇప్పుడు వీడియోలు కొండమ్మ వంటింట్లోనే. ఫోను వచ్చేసరికి ఇద్దరూ పొయ్యి దగ్గర చింతపండు కొలత మీద కొట్టుకుంటున్నారు. ప్రియాంక స్పీకరు నొక్కింది.

“మామ్మగారూ, మీ ఇంటి బూజుల ఇంటిపేర్లన్నీ వేరండీ!” ప్రేమ అరుపుకి ఫోను అదిరింది. “ప్రియాంక బూజుతో చుట్టరికమే లేదు! ఇంట్లోనే ఉండొచ్చన్నారు డాక్టరు గారు. మందు మళ్ళీ మొదలుపెడతారు, ఈసారి పోతుందనే నమ్మకం.”

“అంటే మా ఇంట్లో బూజులున్నాయా?” అంది కొండమ్మ ముందుగా.

“బూజు లేని ఇల్లు ఉండదు కదండీ.”

“నెమ్మదిగా మాట్లాడమ్మా, పున్నమ్మ ఇక్కడే ఉంది.”

అప్పటికి మిగతా మాట లోపలికి దిగింది. కొండమ్మ గరిటె పడేసి, మనవరాల్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుని, ఆ బుగ్గా ఈ బుగ్గా ముద్దులతో ముంచేసింది. పొయ్యి వేడికి పిల్ల మొహమంతా చెమట. కొండమ్మ పెదాలు తడుముకుని పున్నమ్మ వైపు చూసింది. పున్నమ్మ ఈ సారికి తెలివిగా నోరు మూసుకుని పులుసు కేసి చూస్తోంది.

“ఏమే, ఉప్పగానే ఉందే,” అంది కొండమ్మ. “నువ్వు ఆ రోజు అన్నది నిజమే.”

“ఏంటి వదినా? పొయ్యి చప్పుడులో సరిగ్గా వినపళ్ళేదు.”

“వినపళ్ళేదా? ఉండు.” కొండమ్మ కొంగు దోపుకుని వీధిలోకి వెళ్ళింది. చెయ్యి చెవికి ఆనించుకుని, గంప ఎత్తుకున్నప్పుడు వేసే కేకే వేసింది. “నా మనవరాలు ఉప్పగానే ఉందర్రోయ్! పున్నమ్మ ఆ రోజు చెప్పింది నిజమేనర్రోయ్!”

రెండు వీధుల అవతలివాళ్ళు చేపలొచ్చాయనుకుని గిన్నెలు పట్టుకుని బయటికొచ్చారు.